పదకొండేళ్ల అబ్బాయికి బేస్‌బాల్ ప్రైవేటు కోచింగ్: విశాఖలో ఎవరైనా పెట్టించారా?

మద్దిలపాలెం నాన్న
జూన్ 15, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా వాడికి మార్చిలో పదకొండు నిండాయి. మా ఇంట్లో ఆట అంటే క్రికెట్టే. 2005లో పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టిన మ్యాచ్ టికెట్టును మా నాన్నగారు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నారు. అలాంటి ఇంట్లో వీడు బేస్‌బాల్ అంటున్నాడు. రెండేళ్ల కిందట మా బావమరిది అమెరికా నుంచి వస్తూ ఒక గ్లౌజు, రెండు బంతులు తెచ్చాడు. ఆ గ్లౌజు తలకింద పెట్టుకుని పడుకుంటాడు.

వేసవి సెలవుల్లో ఒక కోచ్ పరిచయమయ్యారు. వారానికి ఐదు రోజులు, ఉదయం గంట, వీడొక్కడికే నేర్పుతారు. గంటకు 600. నెల తిరిగేసరికి పన్నెండు వేలు దాటుతోంది, అంటే మా బైకు వాయిదాకు రెండింతలు. పిల్లవాడు సంతోషంగానే వెళ్తున్నాడు. పిచ్చింగ్ (బ్యాటర్ వైపు బంతి విసరడం) బాగా వస్తోందని, వీడి చెయ్యి మంచి చెయ్యి అని కోచ్ గారు అంటున్నారు.

నాకు ఈ ఆట గురించి ఓనమాలు కూడా తెలియవు. ఈ ఫీజు న్యాయమైనదేనా? కోచ్ మంచివారో కాదో ఆట తెలియని తండ్రి ఎలా తెలుసుకోవాలి? అసలు మన ఊళ్లో ఈ ఆటకు ముందు దారి ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మిడాన్
జూన్ 15, రాత్రి 10:05

పన్నెండు వేలా! ఆ డబ్బుతో క్రికెట్ అకాడమీలో ముగ్గురు పిల్లల్ని చేర్పించవచ్చు. విశాఖలో పుట్టి, సముద్రపు గాలిలో టెన్నిస్ బంతి స్వింగు చూసి పెరిగినవాడికి బేస్‌బాల్ ఎందుకండీ? పైగా బంతిని నేలమీద పడకుండా వేస్తారట. బీమర్లతో ఆట ఆడేవాళ్లను ఇక్కడే చూస్తున్నాను.

పీఈటీ మాస్టారు
జూన్ 16, ఉదయం 6:10

మిడాన్ గారూ, ఉదయాన్నే నవ్వించారు. ధన్యవాదాలు.

నాన్నగారూ, దారి సంగతి చెబుతాను. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఉన్నాయి. బడి నుంచి జిల్లా ఎంపికలకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఆపైన జాతీయ పోటీలకు వెళ్లాలి. క్రికెట్‌లో జిల్లా ఎంపికలంటే బారులు తీరి ఉంటారు. ఈ ఆటలో వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి సరిగ్గా విసిరి, సరిగ్గా పట్టగలిగిన పిల్లవాడు త్వరగా కళ్లలో పడతాడు. మన రాష్ట్రంలో సాఫ్ట్‌బాల్ అంటే ముందుగా అనంతపురం వైపు చూస్తాం. ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వారి క్రీడాగ్రామం అక్కడుంది. విశాఖ పిల్లలకు ఆ స్థాయి మైదానం లేదు కానీ బడి జట్టు ఉంటే చాలు, మొదటి మెట్టు ఎక్కవచ్చు.

అయితే ఒక మాట. పోటీకి వెళ్లేది పిల్లవాడు కాదు, జట్టు. మీ అబ్బాయి బడిలో ఇంకో ఎనిమిది మంది లేకపోతే, ఎంత గొప్పగా విసిరినా ఎవరికి విసరాలి? ప్రైవేటు కోచింగ్‌కు ముందు బడిలో పీఈటీని కలవండి. మాలో చాలామందికి ఈ ఆట నియమాలు తెలుసు, సామాను ఉండదు. నాలుగు గ్లౌజులు, ఒక బ్యాటు ఎవరైనా తెస్తే జట్టు కట్టడానికి సిద్ధంగా ఉండేవాళ్లున్నారు.

కోచ్ గారి సర్టిఫికెట్ అడగండి. అడిగితే తప్పు లేదు. దాని మీద ఏ ఆట పేరు రాసి ఉందో కూడా చదవండి. బేస్‌బాల్ నేర్పుతానని వచ్చి వాలీబాల్ సర్టిఫికెట్ చూపించినవారిని నేను చూశాను.

గాజువాక టు డల్లాస్
జూన్ 16, ఉదయం 7:30

మాది గాజువాక. పద్నాలుగేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాం. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ సంస్థలో ఆడారు కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. మీకు పనికొచ్చేది తీసుకోండి.

లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైంది. అందులో నేర్పేవాళ్లు ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులే, జీతం లేకుండా. నేనూ ఒక సీజన్ నేర్పాను, అంటే సామాను మోశాను. ప్రైవేటు కోచింగ్ ఇక్కడా బాగా ఉంది, కానీ అది జట్టు సాధనకు అదనం. వారానికి ఒకసారి, ఏదో ఒక లోపం సరిచేసుకోవడానికి వెళ్తారు. వారానికి ఐదు రోజులు ఒంటరిగా వెళ్లే పదకొండేళ్ల పిల్లవాణ్ణి నేను చూడలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెద్దవాళ్ల ఆటలో పిచర్, అంటే బంతి విసిరేవాడు, నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు, అంటే బ్యాటర్ ఉండే చోటికి, 60 అడుగుల 6 అంగుళాలు. పరుగు తీసేవాడు వరుసగా తాకాల్సిన గుర్తులు బేస్‌లు, బేస్‌కు బేస్‌కు మధ్య 90 అడుగులు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు లిటిల్ లీగ్‌లో అది 46 అడుగులు, బేస్‌ల మధ్య 60. మీ కోచ్ గారు ఎంత దూరం నుంచి విసిరిస్తున్నారు? ఒకసారి టేపు పెట్టి కొలవండి.

మా పెద్దవాడి మొదటి ఏడాది గుర్తొస్తోంది. అంతకుముందు సెలవులకు గాజువాక వచ్చి మా అన్నయ్య పిల్లలతో రెండు నెలలు క్రికెట్ ఆడి వెళ్లాడు. ఇక్కడ మొదటి మ్యాచ్‌లో బంతిని కొట్టాడు. బ్యాటు వదిలేయాలి కదా, వదలకుండా పట్టుకునే పరిగెత్తి, మొదటి బేస్ దగ్గర వంగి, క్రీజులో పెట్టినట్టు బ్యాటును బేస్‌కు ఆనించాడు. అక్కడున్న అమెరికా తల్లిదండ్రులకు ఏమీ అర్థం కాలేదు. నేను మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఫిజియో అక్క
జూన్ 16, మధ్యాహ్నం 2:15

నాన్నగారూ, ఫీజు సంగతి తరువాత. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. బాబు రోజుకు ఎన్నిసార్లు గట్టిగా విసురుతున్నాడు? విసిరినప్పుడు గానీ తరువాత గానీ మోచేయి లోపలివైపు నొప్పి ఉందా? రెండు చేతులూ ముందుకు చాచమంటే రెండూ ఒకేలా నిటారుగా వస్తున్నాయా?

మద్దిలపాలెం నాన్న
జూన్ 16, రాత్రి 9:20

కోచ్ గారిని ఫోనులో అడిగాను. రోజుకు యాభై దాకా అన్నారు. ఈ మధ్య బంతిని వంపు తిప్పే కర్వ్ కూడా మొదలుపెట్టారట. సాధన ఒక ఖాళీ స్థలంలోని క్రికెట్ నెట్‌లో జరుగుతుంది. పిల్లవాడు ఈ చివర స్టంపుల దగ్గర నిలబడి ఆ చివరికి విసురుతాడు. అంటే 22 గజాలు, 66 అడుగులు. డల్లాస్ గారు చెప్పిన 46 ఎక్కడ, ఇది ఎక్కడ!

నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. కానీ మా ఆవిడ ఒక మాట చెప్పింది. వారం పదిరోజులుగా స్నానం చేసేటప్పుడు చెంబు ఎడమచేత్తో ఎత్తి పోసుకుంటున్నాడట. వీడు కుడిచేతి వాటం. ఎందుకురా అంటే, రెండు చేతులూ బలంగా ఉండాలని కోచ్ సార్ చెప్పారు అన్నాడట. ఇప్పుడే చేతులు చాచి చూపించమన్నాను. కుడి మోచేయి పూర్తిగా నిటారు కావడం లేదు. కొద్దిగానే తేడా. మీరు అడగకపోతే నేను చూసేవాణ్ణి కాదు.

ఫిజియో అక్క
జూన్ 16, రాత్రి 10:50

రేపటి నుంచి విసరడం ఆపించండి. ఈ వారంలోనే ఎముకల డాక్టరు గారికి చూపించండి. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీసి పోల్చి చూస్తారు. భయపడాల్సిన పని లేదు, త్వరగా పట్టుకుంటే ఇది విశ్రాంతితోనే తగ్గుతుంది. చూడకుండా ఫోరంలో రోగం పేరు చెప్పను. ఎందుకు అడిగానో మాత్రం చెబుతాను.

పెద్దవాళ్ల మోచేతిలో, విసరగా విసరగా తెగేది లోపలివైపు లిగమెంట్. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్ టామీ జాన్ అనే పిచర్‌కు దాన్ని మళ్లీ కట్టే ఆపరేషన్ చేశారు. ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ను టామీ జాన్ పేరుతోనే పిలుస్తారు. పిల్లల్లో కథ వేరు. ఎముక చివర ఎదిగే భాగం ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది, అది లిగమెంట్ కన్నా బలహీనం. కాబట్టి లాగుడు పడినప్పుడు తాడు తెగదు, తాడు కట్టిన గుంజ కదులుతుంది. అమెరికాలో దీనికి లిటిల్ లీగ్ ఎల్బో అని పేరే పెట్టారు.

అందుకే అక్కడ లెక్క పెడతారు. లిటిల్ లీగ్ 2007లో పిచ్‌ల లెక్క, అంటే విసిరిన బంతుల లెక్క, తెచ్చింది. 2014లో అక్కడి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ అనే సూచనలు ఇచ్చాయి. వాటి ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లవాడు మ్యాచ్ రోజున 85కు మించి వేయకూడదు. 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. 51 నుంచి 65 అయితే మూడు రోజులు, 36 నుంచి 50 అయితే రెండు, 21 నుంచి 35 అయితే ఒకటి. ఇరవై లోపు అయితే మరునాడూ వేయవచ్చు, కానీ వరుసగా మూడు రోజులు వేయించకూడదు. ఈ వయసులో వంపు బంతులు వద్దు, నేరు బంతి, నెమ్మది బంతి చాలు అని కూడా అందులో ఉంది. ఏడాదిలో నాలుగు నెలలు పిచ్చింగ్‌కు పూర్తి సెలవు.

ఇవి మ్యాచ్ లెక్కలు, సాధనకు వర్తించవు అని కొందరు కోచ్‌లు వాదిస్తారు. నిజమే, కాగితం మీద అవి మ్యాచ్ లెక్కలే. మోచేతికి మాత్రం స్కోరుబోర్డు కనబడదు.

యాభై చొప్పున వారానికి ఐదు రోజులు, అదీ 66 అడుగుల నుంచి, అదీ కర్వ్‌తో. ఇన్ని కలిశాక చెంబు ఎడమచేతికి మారడంలో వింతేమీ లేదు. ఇంకో మాట, బాబును తిట్టకండి. నొప్పి చెబితే ఆట ఆపేస్తారని దాచాడు. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లవాడూ అదే చేస్తాడు.

పాత కోచ్
జూన్ 17, ఉదయం 5:50

నేను చాలా ఏళ్లు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పాను. ఇప్పుడు మానేశాను. ఆ కోచ్ గారెవరో నాకు తెలియదు. ఆయన తరఫున కాదు గానీ, ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

600లో ఆయనకు మిగిలేదెంత? స్థలానికి అద్దె కట్టాలి. తోలు బంతులు మన ఊరి తేమకు నాలుగు వారాలు నిలవవు, తెల్లవారుజామున మంచులో తడిసి పిండి ముద్దలవుతాయి. మురుగు కాలువలో పడినవి సరేసరి. బడుల్లో పార్ట్‌టైమ్ చేస్తే వచ్చేది పెట్రోలుకు సరిపోదు. కాబట్టి ఫీజు ఎక్కువని నేను అనను.

అసలు చిక్కు మరొకటి. ఒక గంట, ఒక పిల్లవాడు. ఆ గంట నింపాలి. పదిమంది ఉంటే ఒకడు విసురుతాడు, ఒకడు పడతాడు, మిగతావాళ్లు వరుసలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఆ వరుసలో నిలబడటమే చేతికి విశ్రాంతి. ఒక్కడే అయితే వరుస లేదు. పట్టినవాడూ వాడే, విసిరేవాడూ వాడే. పక్కనే బైకు మీద తండ్రి కూర్చుని ఉంటాడు. పిల్లవాడు ఇరవై విసిరి, తరువాత నలభై నిమిషాలు కాళ్ల కదలిక నేర్చుకుంటే ఆ తండ్రి వాచీ చూసుకుంటాడు. నా ముందే ఒకాయన అన్నారు: 'మాస్టారూ, ఇవాళ ఏమీ చేయించలేదే?' ఆ రోజు వాళ్ల అబ్బాయికి నేను ఒక్క మంచి విషయం నేర్పాను, విసిరే ముందు ముందుకాలు ఎటు పెట్టాలో. అది ఆయన కంటికి కనబడలేదు. మరునాడు ఎనభై విసిరించాను, ఆయన సంతోషించారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

గంట ఎలా గడపవచ్చో చెబుతాను. మొదట పరుగు, బేస్‌ల మలుపు తిరగడం. మొదటి బేస్ దాటి పరిగెత్తినా పరవాలేదు, రెండో బేస్, మూడో బేస్ దగ్గర మాత్రం ఆగాలి, దాటితే అవుట్ చేస్తారు. ఈ ఒక్కదానికే వారం పడుతుంది. తరువాత కోచ్ చేత్తో దొర్లించే నేల బంతులు. పిల్లవాడు పట్టిన బంతిని తిరిగి విసరకూడదు, పక్కనున్న బకెట్‌లో వేయాలి. తరువాత టీ, అంటే బంతిని నిలబెట్టే గుంజ, దాని మీద పెట్టిన బంతిని కొట్టడం. టీ కొనక్కరలేదు. నడుము ఎత్తు పీవీసీ పైపు, పైన సైకిల్ ట్యూబు ముక్క, కింద ఇసుక నింపిన పెయింటు డబ్బా. ఇవన్నీ అయ్యాక, ఒళ్లు వేడెక్కాక, పది పదిహేను నిమిషాలు విసరడం. మోచేయి భుజం కన్నా కిందికి జారుతోందంటే, బంతులు వరుసగా పైకి పోతున్నాయంటే అలసిపోయాడని అర్థం. అక్కడితో ఆపాలి, లెక్క ఎంతైనా సరే.

మిడాన్
జూన్ 17, ఉదయం 9:15

పాత కోచ్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా వెటకారం వెనక్కి తీసుకుంటున్నాను. నేల బంతులు, బకెట్, ఇవి క్రికెట్ ఫీల్డింగ్‌కు కూడా అక్షరాలా పనికొస్తాయి. అమెరికాలో పుట్టి బేస్‌బాల్ నుంచి వచ్చిన మైక్ యంగ్ ఆస్ట్రేలియా క్రికెట్ జట్టుకు ఫీల్డింగ్ కోచ్‌గా పనిచేసిన సంగతి నాకు ఎప్పుడో తెలుసు. మా వీధి పిల్లలకు మాత్రం ఒక్కసారీ బకెట్ పెట్టలేదు.

అయినా ఒక అనుమానం. మా ఆటలో బంతి 156 నుంచి 163 గ్రాములు. ఇది అంతకన్నా తేలికే కదా?

ఫిజియో అక్క
జూన్ 17, ఉదయం 11:30

తేలికే, 142 నుంచి 149 గ్రాములు. బరువు కాదు సమస్య. క్రికెట్ బౌలింగ్‌లో మోచేయి దాదాపు ఒకే కోణంలో ఉండి భుజం చుట్టూ తిరుగుతుంది, పరుగు కూడా వేగాన్ని ఇస్తుంది. బేస్‌బాల్‌లో నిలబడిన చోటు నుంచి మోచేయి వంచి కొరడా విదిలించినట్టు విదిలించాలి. ఆ విదిలింపు భారం మోచేతి లోపలివైపు పడుతుంది. మీ బౌలర్ల కష్టం నడుముకు, వీళ్ల కష్టం మోచేతికి.

ఉక్కునగరం అమ్మ
జూన్ 17, మధ్యాహ్నం 3:40

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. పదమూడేళ్లు. పేరు సాఫ్ట్‌బాల్ అయినా బంతి మెత్తగా ఉండదు, ఎవరైనా ఆ భ్రమలో ఉంటే ముందే చెబుతున్నాను. బేస్‌బాల్ కన్నా పెద్ద బంతి, చుట్టుకొలత 12 అంగుళాలు. పిచర్ చెయ్యి కిందినుంచి తిప్పి వేయాలి.

మేమూ మొదట ఒక్కదానికే కోచ్‌ను పెట్టించాం. ఆమెకు మూడు నెలల్లో విసుగు వచ్చింది. అప్పుడు మా క్వార్టర్ల వైపు అమ్మాయిల్ని ఆరుగురిని కూడగట్టాం. కోచ్ గారికి నెలకు అదే మొత్తం ఇచ్చాం, ఆరు ఇళ్లూ పంచుకున్నాయి. ఆయనకు నష్టం లేదు, మాకు ఆరోవంతు ఖర్చు. పిల్ల మాత్రం మారిపోయింది. ఒకరి వెనుక ఒకరు బేస్‌ల చుట్టూ పరిగెత్తుతూ, పడిపోయినవాళ్లను చూసి నవ్వుతూ, ఇంటికి వచ్చాక కూడా ఫోనులో అదే గొడవ.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మగపిల్లవాడైనా ఆడపిల్లయినా, ఒక్కరే కోచ్‌తో ఉండే చోట ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు కనిపించేంత దూరంలో ఉండాలి. మంచి కోచ్ దీనికి అభ్యంతరం చెప్పడు. మా కోచ్ గారే మొదటి రోజు 'అమ్మా, మీలో ఒకరు రోజూ ఇక్కడే కూర్చోండి' అన్నారు. అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

భవిష్యత్ స్టార్ తండ్రి
జూన్ 17, సాయంత్రం 6:00

మీరంతా పిల్లవాణ్ణి భయపెడుతున్నారు. రింకూ సింగ్, దినేష్ పటేల్‌లు మన దేశం నుంచి వెళ్లి అమెరికా క్లబ్‌తో ఒప్పందం చేసుకోలేదా? 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ మళ్లీ వస్తోంది. నేను మా వాడికి తొమ్మిదేళ్లకే రోజుకు రెండు పూటలా చేయిస్తున్నాను. కష్టపడకుండా ఎవరూ పైకి రారు. స్పోర్ట్స్ కోటాలో సీటు కూడా చూసుకోవాలి కదా.

పీఈటీ మాస్టారు
జూన్ 17, రాత్రి 8:25

ఆ ఇద్దరి కథ పూర్తిగా చెప్పుకుందాం. 2008లో మిలియన్ డాలర్ ఆర్మ్ అనే పోటీ పెట్టారు. ఎవరు ఎంత వేగంగా, ఎంత గురిగా విసరగలరో చూశారు. వీళ్లిద్దరూ ఉత్తరప్రదేశ్ పిల్లలు, లక్నో స్పోర్ట్స్ హాస్టల్‌లో జావెలిన్ విసిరేవాళ్లు. అప్పటికి వాళ్ల వయసు ఇరవై దరిదాపుల్లో. అంతకుముందు బేస్‌బాల్ పట్టుకోలేదు. ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. చిన్న లీగ్‌ల్లో ఆడారు గానీ మేజర్ లీగ్ దాకా చేరలేదు. అంటే మీరు చెప్పిన ఉదాహరణలో తొమ్మిదేళ్లకు రెండు పూటలా విసిరిన పిల్లవాడు ఎక్కడా లేడు. ఎదిగిన ఒళ్లు, మంచి చెయ్యి ఉన్న ఇద్దరు యువకులు ఉన్నారు.

ఒలింపిక్స్ కూడా చూడండి. బేస్‌బాల్ 1992లో వచ్చింది, 2008 తరువాత పోయింది, టోక్యోలో మళ్లీ వచ్చింది, పారిస్‌లో లేదు, ఇప్పుడు 2028. ఇలా వచ్చిపోయే చుట్టాన్ని నమ్ముకుని పెళ్లి ముహూర్తం పెట్టుకుంటామా?

కోటా సంగతికొస్తే, సర్టిఫికెట్ ఏ స్థాయిది, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ ఆట ఉందా లేదా, ఈ రెండూ చూస్తారు. ఇంటర్ అయ్యాక ఆలోచించాల్సిన విషయం అది. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే సోమలింగం అంటున్నారు మీరు. ముందు మీ అబ్బాయి చెయ్యి ఫిజియో అక్క చెప్పినట్టు చాపించి చూడండి. కోపంతో అనడం లేదు.

మద్దిలపాలెం నాన్న
జూన్ 21, రాత్రి 9:10

డాక్టరు గారికి చూపించాం. ఎక్స్‌రేలో మోచేతి లోపలివైపు ఎదిగే భాగం దగ్గర ఎడమచేతితో పోలిస్తే కొద్దిగా తేడా ఉందన్నారు. త్వరగా వచ్చారు, ఆరు వారాలు విసరకుండా ఉంటే సరిపోతుంది అన్నారు. కట్టు, మందు ఏమీ లేవు. ఫిజియో అక్కకు మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారం.

ఇంకో విషయం. 17వ తేదీ ఉదయం ఆపడానికి ముందు ఒక పొరపాటు జరిగింది. నాకు నైట్ డ్యూటీ. అక్క రాసింది చదవకుండానే పడుకున్నాను. ఆ ఉదయం వాడు మామూలుగానే వెళ్లాడు, తోడుగా మా అత్తగారు వెళ్లారు. ముందురోజు రాత్రి మేం యాభై, అరవై అంటూ మాట్లాడుకోవడం ఆవిడ విన్నారు. రెండు డబ్బాలు, దోసెడు చింతపిక్కలు పట్టుకెళ్లారు. నెట్ పక్కన వేపచెట్టు కింద పీట వేసుకుని, వాడు ఒకటి విసిరినప్పుడల్లా ఒక పిక్క ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి వేశారట. కోచ్ గారు ఏదో పూజ అనుకున్నారేమో, ఏమీ అనలేదు. ఇంటికొచ్చి నట్టింట్లో చాప మీద పోసి పదులు పదులుగా కుప్పలు పెట్టారు. పదకొండు కుప్పలు, విడిగా రెండు. 112.

యాభై అని చెప్పినాయన అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. ఆయన లెక్కపెట్టడం లేదు, అంతే. వార్మప్ పేరుతో ముప్పై, కర్వ్ పేరుతో ఇరవై, 'ఇంకొక్కటి' పేరుతో మిగతావి. కానీ అక్కడే కూర్చుని ఫోను చూసుకున్న నేను కూడా లెక్కపెట్టలేదు కదా. చదువుకోని మా అత్తగారు లెక్కపెట్టారు.

ఇప్పుడు కోచ్ గారితో ఎలా మాట్లాడాలి? మానిపించాలని లేదు. పిల్లవాడికి ఆయనంటే ప్రాణం.

పాత కోచ్
జూన్ 22, ఉదయం 6:00

ఎక్స్‌రే పట్టుకెళ్లకండి, కోర్టుకు వెళ్లినట్టుంటుంది. ఒక్కరే వెళ్లి టీ తాగుతూ చెప్పండి. 'డాక్టరు గారు ఆరు వారాలు విసరొద్దన్నారు, మిగతావి నేర్పించండి' అనండి. ఆయన అసలైన కోచ్ అయితే ఆ మాటకు కళ్లు మెరుస్తాయి, నేర్పడానికి విసరడం కాకుండా చాలా ఉంది. పిచ్చింగ్ తప్ప ఇంకేమీ నేర్పను అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొమ్మాది ఫ్లాట్లు
జూన్ 22, ఉదయం 10:45

ఈ ఆరు వారాల్లో బేస్‌బాల్5 నేర్పించి చూడండి. ప్రపంచ బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ సమాఖ్యే తెచ్చిన ఆట. ఐదుగురు ఒక జట్టు, ఐదు ఇన్నింగ్స్, రబ్బరు బంతి, బ్యాటు లేదు, గ్లౌజు లేదు. అరచేత్తో బంతిని కొట్టి పరిగెత్తడమే. బేస్‌ల మధ్య 13 మీటర్లు, మా అపార్ట్‌మెంటు ఖాళీ స్థలంలోనే సుద్దతో గీసుకున్నాం. పిచర్ ఉండడు కాబట్టి ఆ గొడవ లేదు. ఫీల్డింగ్‌లో విసరడం మాత్రం ఉంటుంది, బాబును అప్పటిదాకా కొట్టడానికి, పరుగుకే పరిమితం చేయండి. ఒక్క ఇబ్బంది, కింద ఫ్లాటు పెద్దాయన.

ఉక్కునగరం అమ్మ
జూన్ 22, మధ్యాహ్నం 1:20

వానలు మొదలయ్యాయి కదా, గ్లౌజు జాగ్రత్త. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడితే వారంలో బూజు పడుతుంది. పాత పేపరు ఉండలు వేళ్లలో కుక్కి, గుంటలో ఒక బంతి పెట్టి, గుడ్డతో కట్టి ఫ్యాను కింద ఉంచండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. కొత్తగా కొనేవాళ్లకు ఇంకొక మాట: గ్లౌజు వేసుకునేది విసరని చేతికి. 'రైట్ హ్యాండ్ త్రో' అని రాసి ఉంటే అది ఎడమచేతికి తొడిగేది. మేం మొదటిసారి తప్పుగా తెప్పించి, మా అమ్మాయి నెల రోజులు వేళ్లు తిరగేసి తొడుక్కుంది, పాపం.

మద్దిలపాలెం నాన్న
ఆగస్టు 10, రాత్రి 8:30

చాలా రోజులకు రాస్తున్నాను. కోచ్ గారు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు ఆయనే మా ఇంటికి వచ్చి, పీవీసీ పైపుకు ఎంత పొడుగు కావాలో అడిగారు. పాత కోచ్ గారూ, టీ ఆలోచన పనిచేసింది. పెయింటు డబ్బాలో ఇసుకకు బదులు గులకరాళ్లు పోశాం.

ఇప్పుడు వారానికి మూడు రోజులే. వీడితోపాటు బడిలో నుంచి ఇంకో ముగ్గురు వస్తున్నారు, పీఈటీ గారు పంపించారు. ఫీజు నాలుగు ఇళ్లకు పంచాం. నెట్ వదిలేశాం. నేలమీద 46 అడుగులు టేపుతో కొలిచి సున్నంతో గీత గీశారు కోచ్ గారు. వాన పడిన ప్రతిసారీ చెరిగిపోతుంది, మళ్లీ గీస్తున్నారు.

గత వారం డాక్టరు గారు మోచేయి చూసి, మెల్లగా మొదలుపెట్టమన్నారు. నిన్న మొదటి రోజు. మా అత్తగారు డబ్బాలు పట్టుకుని వచ్చారు, ఈసారి డబ్బాలో లెక్కపెట్టి ఇరవై పిక్కలే వేసుకొచ్చారు. మొదటిది చాలా పక్కకు పోయింది. తొమ్మిదోది కోచ్ గారి గ్లౌజులో చప్పుడైంది, వాడు మా వైపు తిరిగి చూశాడు. ఇరవై అయ్యాక ఆవిడ ఖాళీ డబ్బా బోర్లించి చూపించారు. 'అమ్మమ్మా, ఒక్కటి, ఒక్కటే' అని బతిమాలాడు. 'పిక్కలు లేవు నాన్నా' అని మూత పెట్టేశారు. కోచ్ గారు కూడా అటు తిరిగి నవ్వుకుంటూ బంతులు సంచిలో వేసుకున్నారు.

ఇవాళ ఉదయం స్నానానికి చెంబు ఏ చేత్తో ఎత్తాడో మా ఆవిడ తలుపు సందులోంచి చూసింది. కుడిచేత్తోనే.

మిడాన్
ఆగస్టు 10, రాత్రి 8:55

ఎక్కడండీ ఆ గ్రౌండు, ఎన్ని గంటలకు? మా మేనల్లుడికి పది నిండాయి, ఫీల్డింగ్ అంటే బంతి వెనుక నడుచుకుంటూ వెళ్లడం అనుకుంటున్నాడు. ఆదివారం తీసుకొస్తాను. బకెట్ నేను తెస్తాను. చింతపిక్కలు మావి మేం తెచ్చుకోవాలా, అమ్మమ్మ గారే ఇస్తారా?